ఎర్రలైటు వెలిగిన తర్వాత

రాబర్ట్ ఆల్ట్‌మన్ చివరి సినిమా 'ఎ ప్రయరీ హోమ్ కంపానియన్' 2006లో వచ్చింది. నేను చూసింది చాలా ఆలస్యంగా, ఒక వానాకాలం సాయంత్రం, లాప్‌టాప్‌లో. కథ అంటూ పెద్దగా ఏమీ లేదు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం, సెయింట్ పాల్ ఊళ్లో ఒక పాత థియేటర్. శనివారం రాత్రి అక్కణ్ణించి రేడియోలో లైవ్‌గా వచ్చే పాటల కార్యక్రమం ఒకటి ఏళ్ల తరబడి నడుస్తోంది. స్టేషన్‌ని టెక్సస్ కంపెనీ ఒకటి కొనేసింది. ఇదే ఆఖరి రాత్రి. పాడేవాళ్లు పాడుతుంటారు, తెర వెనక తగువులు నడుస్తుంటాయి, ఒక ముసలి గాయకుడు తన గదిలో కుర్చీలో కూర్చునే చనిపోతాడు. ఆ సంగతి శ్రోతలకి చెప్పమని అడిగితే కార్యక్రమం నడిపే ఆయన ఒప్పుకోడు. తర్వాతి పాటకి వెళ్లిపోతాడు.

ఆల్ట్‌మన్‌కి అప్పటికి ఎనభై ఏళ్లు. ఎప్పుడో గుండె మార్పిడి జరిగింది, ఆ విషయం పదేళ్లు దాచి 2006 ఆస్కార్ వేదిక మీద బయటపెట్టాడు. షూటింగ్ మధ్యలో ఆయనకి ఏమన్నా అయితే పూర్తిచెయ్యడానికి ఇన్సూరెన్స్ వాళ్ల కోసం పాల్ థామస్ ఆండర్సన్‌ని పక్కన నిలబెట్టారు. సినిమా జూన్‌లో విడుదలయింది, నవంబర్ 20న ఆల్ట్‌మన్ పోయాడు. సినిమా రాసింది, అందులో తన పాత్ర తనే వేసింది గారిసన్ కైలర్. నిజం కార్యక్రమం 1974 నుంచీ ఆయనదే. సినిమాలో మూతబడింది గానీ బయట అది ఇంకో పదేళ్లు హాయిగా నడిచింది!

ఈ సినిమాలో నాకు బాగా నచ్చింది చావు గురించిన గంభీరమైన మాటలేం కాదు. ఒక ప్రకటన చదవాల్సిన వేళకి చేతిలో సరైన కాగితం ఉండదు. కైలర్ నోటికొచ్చింది చెప్పుకుంటూ పోతుంటే పక్కన చప్పుళ్లు చేసే మనిషి, ఆయన ఏమంటే దానికి తగ్గ చప్పుడు నోటితోనో చేతిలో ఉన్న సామాన్లతోనో చేసి ఆదుకుంటాడు. చివర్లో టైము మిగిలిపోతే ఎప్పుడూ స్టేజి ఎక్కని పిల్లని మైకు ముందుకి తోస్తారు. పాటలో మాటలు గుర్తులేక ఆ పిల్ల సొంతంగా కట్టుకుని పాడేస్తుంది. లైవ్ అంటే ఇంతే కదా అనిపించింది. గడియారం ఆగదు, నువ్వు ఏదో ఒకటి చెయ్యాలి.

మనకి ఇలాంటి సినిమా లేదు. కానీ ఇలాంటి రాత్రులు లేకపోలేదు. వాటిల్లో పాడిన గొంతుల్లో ఎన్ని విజయనగరం, సాలూరు దారుల్లోంచి వెళ్లాయో లెక్క చూసుకుంటే ఆశ్చర్యం వేస్తుంది.

*

తెలుగు వాళ్ల రేడియో మద్రాసులో మొదలయింది. 1924లో అక్కడ ఔత్సాహికులు ఒక రేడియో క్లబ్బు పెట్టి మూడేళ్లు నడిపి డబ్బుల్లేక మూసేశారు. ఆ పరికరాలతో మద్రాసు కార్పొరేషన్ కొన్నాళ్లు నెట్టుకొచ్చింది. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం వచ్చింది. తమిళం, తెలుగు రెండూ అక్కణ్ణించే. విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1 దాకా రాలేదు. విశాఖపట్నం కేంద్రం అయితే 1963 ఆగస్టు 4న. అంటే శ్రీకాకుళం మనిషి తన ప్రాంతపు స్టేషన్ వినడానికి మద్రాసు మొదలయ్యాక పాతికేళ్లు ఆగాల్సి వచ్చింది.

ఆ పాతికేళ్లలో చాలా భాగం టేపు లేదు. ముఖ్యమైన ప్రసంగం ఏదైనా డిస్కు మీదకి ఎక్కితే ఎక్కినట్టు. టేపు రికార్డర్లు కేంద్రాల్లో స్థిరపడింది యాభైల్లో. అప్పటిదాకా కచేరీ, నాటకం, పిల్లల కార్యక్రమం, వ్యవసాయం మాటలు, అన్నీ అప్పటికప్పుడే. స్టూడియో తలుపు మూస్తారు, ఎర్రలైటు వెలుగుతుంది, అద్దం అవతలి మనిషి చెయ్యి ఊపుతాడు. అంతే, ఇక దగ్గు వచ్చినా మింగుకోవాలి. నాటకంలో పేజీ తిప్పేటప్పుడు కాగితం చప్పుడు కాకుండా ఒక్కో కాగితం నెమ్మదిగా కింద కార్పెట్ మీదకి జారవిడిచేవారట. కచేరీ అరగంట అంటే అరగంటే. సభలో అయితే విద్వాంసుడికి ఊపు వస్తే రాగం నలభై నిమిషాలు సాగుతుంది, కాదనేవాడు ఉండడు. స్టూడియోలో గోడ గడియారం కాదంటుంది. మన శాస్త్రీయ సంగీతంలో కొలత అనే విషయాన్ని రేడియో ఎంత మార్చిందో రాసినవాళ్లు తక్కువ. గ్రామఫోను మూడు నిమిషాలకి కుదించింది, రేడియో పావుగంట, అరగంట, గంట అని డబ్బాలు కట్టింది.

1938లోనే ఇంకో సంగతి జరిగింది. ద్వారం వెంకటస్వామి నాయుడు వేలూరులో వయొలిన్ సోలో కచేరీ చేశారు. అప్పటిదాకా వయొలిన్ పక్కవాద్యం. గాయకుడి వెనక నడవాల్సిన వాద్యం. దాన్ని ముందుకు తెచ్చి కూర్చోబెట్టిన వాళ్లలో ఆయన మొదటివాడు. రేడియో వచ్చిన ఏడే ఇది జరగడం కాకతాళీయం కావొచ్చు. కానీ నాకు రెండింటికీ ఏదో చుట్టరికం ఉందనిపిస్తుంది. ఒంటరి వయొలిన్ చిన్న ధ్వని. పదివేల మంది కూర్చున్న పందిట్లో కంటే మైకు ముందు, నిశ్శబ్దమైన గదిలో దానికి ఎక్కువ మర్యాద దక్కుతుంది. కమాను తీగ మీద ఆనే క్షణం కూడా వినబడుతుంది.

నాయుడుగారు పనిచేసింది విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో. ఆ కళాశాల పుట్టుక మీద ఊళ్లో అందరికీ తెలిసిన కథ ఒకటుంది. సంస్థానంలో ఉద్యోగి చాగంటి జోగారావు కొడుకు గంగరాజుకి చూపు లేదు. సంగీతం నేర్పించాలి, సాయం చెయ్యమని తండ్రి అడిగాడు. విజయరామ గజపతి ఆ ఒక్క కుర్రాడిని ఎక్కడికో పంపించే బదులు 1919లో కాలేజీయే పెట్టేశారు. మొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు. అదే ఏడు వయొలిన్ చెప్పడానికి నాయుడుగారు చేరారు, 1936లో ప్రిన్సిపాలయ్యారు. ఆయనకీ చూపు అంతంత మాత్రమే. చెవి మీద ఆధారపడ్డ ఇద్దరి మనుషుల చుట్టూ ఇలా ఒక కాలేజీ, దాని చుట్టూ ఒక ఊరు. రేడియోకి కావాల్సింది కూడా చెవే కదా.

*

ఈ కాలేజీ గుమ్మం నుంచి రేడియో స్టూడియో దాకా వెళ్లిన దారిని చూద్దాం. విజయనగరం నుంచి మద్రాసుకి రైల్లో ఎనిమిది వందల కిలోమీటర్ల పైన. హౌరా లైను మీద ఒక రాత్రి, ఒక పగలు. శ్రీకాకుళం వాళ్లయితే ముందు బస్సో బండో ఎక్కి ఆమదాలవలస స్టేషన్‌కి రావాలి. పావుగంట పాటకి రెండు రోజుల ప్రయాణం.

ఘంటసాల కథ తెలిసిందే, అయినా ఒకసారి ఈ వైపు నుంచి చూడాలి. కృష్ణా జిల్లా కుర్రాడు, తండ్రి పోయాడు, చేతిలో ఉన్న ఉంగరం అమ్మి విజయనగరం వచ్చాడంటారు. పట్రాయని సీతారామశాస్త్రి ఇంట చేరాడు. జోలె పట్టి ఇళ్ల ముందు నిలబడి మధుకరం ఎత్తుకుని ఆ అన్నం తిని సంగీతం నేర్చుకున్నాడు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకి వెళ్లొచ్చాడు. తర్వాత మద్రాసు. సినిమా వాళ్లు వెంటనే తలుపు తియ్యలేదు. రేడియోలో బాలాంత్రపు రజనీకాంతరావు లలిత సంగీతం పాడడానికి అవకాశం ఇచ్చారు. తెలుగువాళ్లు ఆ గొంతుని వెండితెర మీద వినకముందే గాలిలో విన్నారు. వినేటప్పటికి అది ఎవరిదో చాలామందికి తెలిసి ఉండదు. ఆ పాటలు ఏ రాత్రి ఎలా పాడాడో మనకి ఇప్పుడు వినే దారి లేదు. లైవ్‌గా వచ్చాయి, వెళ్లిపోయాయి.

పి. సుశీల విజయనగరం పిల్లే. 1935లో అక్కడే పుట్టి, అక్కడే సంగీతం చదువుకుని మద్రాసు వెళ్లింది. రేడియోలో పాడుతుండగా, కొత్త గొంతుల కోసం వెతుకుతున్న పెండ్యాల నాగేశ్వరరావు రేడియో వాళ్లని అడిగి విన్న కొద్దిమందిలోంచి ఆమెని ఎంచుకున్నారు. 'కన్నతల్లి' పాట అలా వచ్చింది. సాలూరు రాజేశ్వరరావు ఇంటిపేరులోనే ఊరు ఉంది. పుట్టింది సాలూరు దగ్గర శివరామపురంలో. ఈ ఊళ్లు 1979 దాకా శ్రీకాకుళం జిల్లాలో, తర్వాత విజయనగరంలో, 2022 నుంచి పార్వతీపురం మన్యంలో ఉన్నాయి. జిల్లా మారినప్పుడల్లా మావాడంటే మావాడని పోట్లాట మొదలవుతుంది, అది వేరే కథ.

కానీ వీళ్లందరినీ సినిమా తీసుకుపోయింది. రేడియోలోనే నిలబడిపోయిన ఒక మనిషి గురించి చెప్పాలి నేను. శ్రీరంగం గోపాలరత్నం. 1939లో విజయనగరం ప్రాంతంలో పుట్టారు. ఆకాశవాణిలో స్టాఫ్ ఆర్టిస్టుగా చేరి విజయవాడ కేంద్రం భక్తిరంజనిలో పాడారు. భక్తిరంజని అంటే ఇప్పటి వాళ్లకి చెప్పాలేమో. పొద్దున్నే, పాలవాడు వచ్చే వేళకి, స్నానాలకి నీళ్లు కాగుతుండగా ఇంట్లో మోగే పాట. అది కచేరీ కాదు, ఎవరూ కూర్చుని వినరు. పనిలో ఉండి వింటారు. అలా సగం చెవితో వినేవాళ్ల కోసం ప్రతి పొద్దున్నా అంత శ్రద్ధగా పాడడం నాకు చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది. అన్నమయ్య పదాలు, ఎంకి పాటలు, 'సతీ సక్కుబాయి' సంగీత రూపకం ఆ గొంతులో విన్నవాళ్లు ఇప్పటికీ ఆ పేరు చెబితే ఒక్క క్షణం ఆగిపోతారు. ఆవిడ తర్వాత విజయనగరం సంగీత కళాశాలకే ప్రిన్సిపాలుగా వచ్చారు. 1992లో పద్మశ్రీ. మరుసటేడే పోయారు, యాభై మూడో యాభై నాలుగో ఏళ్లకి. సినిమాలో పాడినవి తక్కువ. అందుకే ఇవాళ్టి పాతికేళ్ల వాళ్లకి సుశీల తెలుసు, గోపాలరత్నం తెలీదు.

*

ఇక్కడిదాకా రాసి ఆగాను. ఆల్ట్‌మన్ సినిమాకి ఉన్న లోపమే నా వ్యాసానికీ వస్తోంది. అంతా వెచ్చగా, అంతా మంచిగా. ఆ థియేటర్లో పాడేవాళ్లందరూ మంచివాళ్లే, చెడ్డవాడు ఒక్కడే, బయట నుంచి వచ్చిన కంపెనీ మనిషి. మన రేడియోలో తలుపు మూసేవాళ్లు లోపలే ఉన్నారు.

హార్మోనియం సంగతి చూడండి. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని స్టూడియోల్లోకి రానివ్వకుండా నిషేధించింది. అది గమకం పలకలేదు, మన సంగీతానికి పనికిరాదు, విదేశీ పెట్టె అని వాదన. డెబ్బైల మొదట్లో గానీ ఆ పట్టు సడలలేదు. శాస్త్రీయ సంగీతం మాట ఏమో గానీ, మన పద్యనాటకం అంతా హార్మోనియం మీద నడిచిందే. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో తెల్లవార్లూ నాటకం ఆడితే స్టేజి కింద పక్కగా కూర్చున్న హార్మోనిస్టు మొత్తం ఆటని మోస్తాడు. నటుడు శృతి తప్పితే ఎత్తుకుంటాడు, పద్యం మర్చిపోతే మెట్టు మీద మెట్టు వాయించి టైము కొంటాడు. ఆల్ట్‌మన్ సినిమాలో చప్పుళ్లు చేసే మనిషి చేసిన పనే. లైవ్ కళలో అంత ఆరితేరిన వాడికి లైవ్ రేడియోలో మూడు దశాబ్దాలు చోటు లేదు.

స్వాతంత్ర్యం వచ్చే రోజుల్లో, వ్యక్తిగత జీవితం సరిగా లేదన్న పేరుతో కళావంతుల కుటుంబాల నుంచి వచ్చిన గాయనుల్ని దూరంగా పెట్టమని ఉత్తర్వు వచ్చింది. ప్రసార శాఖ అప్పుడు సర్దార్ పటేల్ చేతిలో ఉంది. జావళీలు, పదాలు ఎవరి నోట బతికాయో వాళ్లనే బయట నిలబెట్టారు. యాభైల్లో కేస్కర్ మంత్రిగా వచ్చి సినిమా పాటల్ని తగ్గించి, ఆడిషన్ బోర్డులు పెట్టి, గాయకులకి గ్రేడులు కట్టారు. దాని ఫలితం అందరికీ తెలిసిందే. జనం ముల్లు తిప్పి సిలోన్ పెట్టుకున్నారు. మీనాక్షి పొన్నుదురై గొంతు మన ఊళ్లలో మేనత్త గొంతంత పరిచయం అయిపోయింది. కొలంబోలో కూర్చున్న ఆవిడ చదివే పేర్లలో తమ ఊరి పేరు వస్తుందేమో అని కాచుకున్నవాళ్లు ఎంతమందో. సర్కారు 1957లో వివిధ్ భారతి పెట్టి దిగొచ్చింది.

యాస మాట ఇంకోటి. రేడియో తెలుగు అంటే కృష్ణా, గోదావరి తెలుగు. 'కన్యాశుల్కం' రేడియో నాటకంగా విజయవాడ నుంచి వస్తే ఊరంతా చెవులు రిక్కించి విన్నారు, కానీ అది విజయనగరం మాటలా ఉందా అని అడిగితే ఇక్కడి పెద్దవాళ్లు నవ్వేస్తారు. "ఏటి బావూ, ఇలగొచ్చీసావు" అనే మాట రేడియోలో వినబడాలంటే విశాఖ కేంద్రం రావాల్సి వచ్చింది. అప్పుడు కూడా ఎక్కువగా గ్రామసీమల కార్యక్రమంలో, రైతుల మాటల్లో. తప్పెటగుళ్లు, జముకుల కథ జానపదం అనే పేటికలో పడ్డాయి. వారానికి ఇన్ని నిమిషాలు అని. అయినా అది చిన్న విషయం కాదు. పంచాయతీ ఆఫీసు లౌడుస్పీకరు కింద సాయంత్రం చేరిన జనం తమ ఊరి జముకు చప్పుడు ఆ డబ్బాలోంచి విన్నప్పుడు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోగలను.

అదే జముకు అదే దశాబ్దంలో ఇంకోచోట కూడా మోగింది. బొడ్డపాడు దగ్గర సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథ పట్టుకుని ఉద్దానం ఊళ్లు, ఆ పక్క కొండలు తిరిగాడు. 1969 డిసెంబర్ 22న పోలీసులు చంపేశారు. ఆ పాటలు ఏ ఆకాశవాణిలోనూ రావు, రాలేదు. పార్వతీపురం వైపు నుంచి వంగపండు ప్రసాదరావు పాట దేశమంతా పాకింది, ఏ ట్రాన్స్‌మిటర్ సాయమూ లేకుండా, ఒక నోటి నుంచి ఇంకో నోటికి. శ్రీకాకుళం జిల్లా చరిత్రలో అసలైన లైవ్ ప్రసారం ఏది అని ఎవరన్నా అడిగితే నేను తడుముకుంటాను. రెండింటిలో గాలిలో కలిసిపోయింది ఎక్కువ ఏదంటే మాత్రం ప్రభుత్వం నడిపినదే. అదే విచిత్రం. పాణిగ్రాహి పాటల్ని జనం గుర్తుపెట్టుకుని రాసుకున్నారు. విశాఖ కేంద్రంలో జముకుల కథ చెప్పినవాళ్లలో ఎందరి పేర్లు మనకి తెలుసు?

*

టేపు వచ్చాక పోకుండా ఉంటుందనుకుంటాం. టేపు ఖరీదైన వస్తువు. ప్రసారం అయిపోయాక చెరిపి దాని మీదే ఇంకోటి రికార్డు చెయ్యడం రేడియో స్టేషన్లలో మామూలు. ప్రపంచంలో పెద్ద పెద్ద సంస్థలూ చేశాయి ఆ పని, బీబీసీ తన పాత నాటకాల్ని అలాగే పోగొట్టుకుంది. ఏది దాచాలి అన్నది ఎవరో ఒక ఉద్యోగి ఆ రోజు తీసుకున్న నిర్ణయం. పెద్ద పేరున్న విద్వాంసుడి కచేరీ దాస్తారు. పాడిపంటల్లో జీడిమామిడి తెగులు గురించి మాట్లాడిన పలాస రైతు గొంతు ఎందుకు దాస్తారు?

శ్రీకాకుళంలో కథానిలయం ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారు తన అవార్డుల డబ్బు, పెన్షన్ డబ్బు పోసి 1997 ఫిబ్రవరి 22న తెరిచారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒకచోట ఉండాలన్న పట్టుదల. ఎవరూ పట్టించుకోని వారపత్రికల కథలు, ఒకే ఒక్క కథ రాసి మానేసిన వాళ్ల కథలు కూడా అక్కడ దొరుకుతాయి. మంచిదా చెడ్డదా అని ఆయన జల్లెడ పట్టలేదు. ముందు దాచాలి, తర్వాత చదివేవాడు చూసుకుంటాడు. నేను అక్కడికి వెళ్లిన రోజున బీరువాల మధ్య నడుస్తుంటే రేడియో గుర్తొచ్చింది. ఇదే జిల్లా మనుషులు మైకు ముందు చెప్పిన కథలు, నాటికలు, పాటలు కొన్ని వేల గంటలు ఉండాలి. అవి కాగితం మీద పడి ఉంటే మాస్టారు ఎలాగో సంపాదించి ఉండేవారు. గొంతుకి బీరువా లేదు.

కాబట్టి రేడియో గురించి మన దగ్గర మిగిలింది ఎక్కువగా విన్నవాళ్ల జ్ఞాపకాలే. అవి నమ్మదగ్గవి కావు, నిజమే. మా తాత తను ద్వారం వారి కచేరీ మద్రాసు నుంచి లైవ్‌లో విన్నానని చెప్పేవాడు. శ్రీకాకుళంలో, కరణం గారి అరుగు మీద, బ్యాటరీ పెట్టెతో నడిచే రేడియోలో. పగలు మద్రాసు అందేది కాదట, చీకటి పడ్డాకే వచ్చేదట. ఇది మాత్రం నిజమే అయ్యుండాలి. మీడియం వేవ్ తరంగాల్ని పగటిపూట పై గాలి పొర ఒకటి మింగేస్తుంది. రాత్రి ఆ పొర పల్చబడి, తరంగాలు ఇంకా పైకెళ్లి తిరిగి దూరంగా దిగుతాయి. అందుకే రాత్రిళ్లు మద్రాసు, కొలంబో అన్నీ దగ్గరకొచ్చేవి. గొంతు ఒకసారి దగ్గరగా, ఒకసారి నూతిలోంచి వచ్చినట్టు ఊగుతూ ఉండేది. కల్యాణి రాగం అలా ఊగుతూ వినడం అలవాటయి, తర్వాత ఎదురుగా కూర్చుని విన్నప్పుడు ఏదో తక్కువైనట్టు అనిపించిందని తాత అనేవాడు.

ఆల్ట్‌మన్ జీవితమంతా ఒకేసారి నలుగురు మాట్లాడుకునే సీన్లు తీశాడు. ఎవరి మాట వినాలో ప్రేక్షకుడే ఎంచుకోవాలి. 'నాష్‌విల్'లోనూ అంతే, ఈ ఆఖరి దాంట్లోనూ అంతే. స్టేజి మీద పాట నడుస్తుంటే గదిలో అక్కచెల్లెళ్లు చిన్నప్పటి ముచ్చట్లు ఒకరి మాట మీద ఒకరు పడుతూ చెప్పుకుంటుంటారు. అరుగు మీద రేడియో విన్న వాళ్లూ అలాగే విని ఉంటారు. నాయుడుగారి వయొలిన్, దాని మీద గరగర, దాని మీద పక్కింట్లో రోకటి పోటు, ఎవరో "తగ్గించండ్రా" అని కేక.

పోయిన నెలలో విజయనగరంలో స్నేహితుడి ఇంట్లో పడుకుని లేచాను. వాళ్ల నాన్నగారు వంటింట్లో రేడియో పెట్టారు. ఉదయం 6.45, ప్రాంతీయ వార్తలు. ఇప్పటికీ లైవ్‌గా చదివేవాటిలో అదొకటి. ఆయన కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడే విన్నారు. మధ్యలో చదివే ఆవిడ ఒక్క క్షణం ఆగింది. కాగితం తిప్పిన చప్పుడు వినబడింది. గొంతు సవరించుకుని, క్షమించాలి అని, వాక్యం మొదటి నుంచి మళ్లీ చదివింది. ఆయన నా వైపు చూసి, "జలుబు చేసినట్టుంది పాపం, నిన్నట్నుంచీ" అన్నారు.